ఉప్పు దారి రెండో భాగం

దీవి, వాతావరణ కేంద్రం
ఏప్రిల్ 9

పిడుగా,

మొన్నటి పడవలో బంగాళాదుంపల మూట వచ్చింది, జనరేటర్‌కి ఫిల్టర్ వచ్చింది, మూడు వారాల పాత పేపర్లు వచ్చాయి. నీ ఉత్తరం మాత్రం రాలేదు. మీ అమ్మ కూడా చిన్నప్పుడు ఇంతే. పనుంటే ‘అన్నయ్యా’, లేకపోతే ‘ఎవరండీ మీరు’. తల్లి పోలిక ఎక్కడికి పోతుందిలే.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నలుగురమే కదా: నేను, వంటాయన, మెకానిక్, ఇన్‌చార్జి గారు. గాలి కొలవడం, వాన కొలవడం, కాసేపు సముద్రం చూసి మళ్లీ కొలవడం. ఇంటర్నెట్ లేదు. ఫోను పలకదు. రేడియోలో ఆఫీసు మాటలు తప్ప సొంత మాటలు మాట్లాడకూడదు. అందుకని మా దీవికి ఉన్న ఒకే ఒక్క ఆశ మీ కంపెనీ గేమ్. యాభై నాలుగేళ్లవాడికి గేములేమిటని నవ్వకు. ‘ఉప్పు దారి’ మొదటి భాగం ఆడి ఆరేళ్లయింది. రెండోదాని కోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి.

వంటాయన భోజనాల గదిలో క్యాలెండర్ తగిలించి, సెప్టెంబర్ ఇరవై చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు. మీవాళ్లు ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశారు కాబట్టి ఈసారి పెన్సిల్‌తో చుట్టమన్నాను. వినలేదు. రోజూ భోజనాల దగ్గర ఒకటే గొడవ. మొదటి భాగం చివర్లో నది అవతల వీపు తిప్పి నిలబడ్డ ముసలావిడ ఎవరు? గేములో మనం నడిపించే ఉప్పు మోసేవాడి తల్లి అంటాడు వంటాయన. తల్లి కాదు, వంతెన తెగ్గొట్టిన మనిషి అంటాడు మెకానిక్. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా యవ్వారం. ఇన్‌చార్జి గారు పేపరు అడ్డం పెట్టుకుని “ఆవిడెవరైతే మీకెందుకయ్యా, తిని లేవండి” అంటారు. మర్నాడు పొద్దున టీ తాగుతూ, “ఆవిడది ఎడమచేతి వాటం. ఎవరైనా చూశారా?” అన్నారు.

ఇక అసలు సంగతి. ఈసారి గేమ్‌కి తాళం వేస్తున్నారని పడవ నడిపే అతను మోసుకొచ్చాడు. తెరిచిన ప్రతిసారీ అది ఇంటర్నెట్‌లో మీ కంపెనీని ‘తెరవనా’ అని అడగాలట. నిజమేనా? మేం మొదటి భాగం తాళాల్లేకుండా అమ్మే దుకాణంలో కొన్నాం. సెలవుకి వెళ్లినప్పుడు దించుకుని, డిస్కులో వేసి జేబులో తెచ్చుకున్నాం. అది మాది. తాళం పడితే మాత్రం మాకు ఈ జన్మకి రెండో భాగం లేనట్టే. ఉన్నదున్నట్టు చెప్పు.

నీ మామయ్య


ఆఫీసు, మూడో అంతస్తు
ఏప్రిల్ 24

మామయ్యా,

అమ్మ నీ ఉత్తరం చదివి “వాడి మొహం” అంది. అంటే సంతోషించిందని అర్థం.

పడవతను మోసుకొచ్చిన కబురు సగం నిజం. మా యజమానిని అందరం పెద్దాయన అంటాం. ఆయన తాళం వేద్దామన్నారు. “అందరూ వేస్తున్నారు, మనమే అమాయకులమా?” అన్నారు. నాకు కోపం ఆగలేదు. లేచి నిలబడి మీ సంగతి చెప్పాను. ఒక్క కాపీ సరిపోయే గదిలో ఉంటూ తాళం లేదు కదా అని నకలు చేసుకోకుండా ముగ్గురూ మూడు కాపీలు కొన్నారని చెప్పాను. నమ్మినవాణ్ణి మోసం చేయడానికి ఎవరికీ మొహం చెల్లదు సార్ అన్నాను. చివరికి ఆయన, “సరే, నీ మాట మీద వదిలేస్తున్నా. ఏదైనా తేడా వస్తే నిన్నే అడుగుతా” అన్నారు. తాళం లేదు మామయ్యా! మీ వంటాయనకి చెప్పు, ఎర్ర సున్నా అలాగే ఉంచమని.

ఇప్పుడొక చిన్న తప్పు పని చేస్తున్నాను. కోప్పడకు. మా ఆఫీసులో ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుంది. అసలు ఇంటర్నెట్టే లేని చోట, పాత యంత్రం మీద, రోజుల తరబడి గేమ్ నడుస్తుందా అన్నది ఇక్కడ ఎవరికీ సరిగా తెలియదు. అందుకని ఈ ఉత్తరంతో పాటు పరీక్ష కాపీ ఉన్న చిన్న డిస్కు పంపుతున్నాను. కాపీ గడప దాటకూడదన్నది ఇక్కడి రూలు. నా కంప్యూటర్ రిపేరులో ఉంటే, పక్క సీటాయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిన సమయం చూసి ఆయన దాంట్లోంచి తీసుకున్నాను.

ఈ పక్క సీటాయన గురించి నీకు రాయలేదు కదూ. గేములో తప్పులు వెతకడం ఆయన ఉద్యోగం. మాకెవరికీ కనపడనివన్నీ ఆయనకి కనపడతాయి, అందుకని భూతద్దం అని పేరు పెట్టాం. నీ వయసే ఉంటుంది. నన్ను ‘ఏమే పిల్లా’ అని పిలుస్తాడు. నేను కీబోర్డు మీద టీ ఒలికిస్తే తిట్టుకుంటూ ఆయనే తుడుస్తాడు.

నీ లాప్‌టాప్‌లోనే వేసి చూడు. ఇంకెవ్వరికీ చూపించకు. ముసలావిడ ఎవరో తెలిశాక కూడా నోరు మెదపకూడదు. ఒట్టు వెయ్యి.

పిడుగు


దీవి
మే 14

పిడుగా,

ఒట్టు.

గేమ్ నడిచింది. తొమ్మిది రోజులు రోజూ తెరిచాను, ఒక్కసారి కూడా ఎవరినీ ఏమీ అడగలేదు. ఏం చేశారే! ఆ మంచు కొండలు, ఆ మేఘాలు వాటి మీద నుంచి జారడం. ఇరవయ్యారేళ్లుగా రోజూ మేఘాలు చూసేవాణ్ణి, నేను చెబుతున్నాను, మీవాళ్లెవరో ఆకాశాన్ని నిజంగా చూసి గీశారు. ఒక్క చోట మాత్రం తప్పుంది. గాలి పడమర నుంచి వీస్తుంటే పొగ తిరిగి పడమరకే పోతోంది. మీ భూతద్దం గారికి వాతావరణం రాదనుకుంటా.

ముసలావిడ సంగతి తెలిశాక కాసేపు బయటికెళ్లి నిలబడ్డాను. ఇంకేమీ రాయను.

ఎవరికీ చూపించలేదు. నేనొక్కణ్ణే తలుపేసుకుని ఆడాను. వంటాయన మాత్రం ఈమధ్య నన్ను చూసి ఊరికే నవ్వుతున్నాడు. వాడికి ఎండ దెబ్బ తగిలి ఉంటుంది.

నీ మామయ్య


ఆఫీసు
జూన్ 11

మామయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

గేమ్ బయటికి పోయింది. విడుదలకి ఇంకా మూడు నెలలుంది. ఎవరో మొత్తం తెచ్చి ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మూడు రోజుల్లో లక్షల మంది దించుకున్నారట. అది కూడా ఓర్చుకోవచ్చు. కానీ కొందరు ముసలావిడ ముఖం బొమ్మ తీసి, ఎక్కడ పడితే అక్కడ అతికిస్తున్నారు. మా అభిమానుల పేజీలో ఒక నర్సమ్మ ఆరేళ్లుగా రోజులు లెక్కపెడుతోంది. ఇవాళ రాసింది: “డ్యూటీ దిగి ఫోను తెరిచాను. దారినపోయేవాడెవడో ముగింపు చెప్పేసి పోయాడు. ఇక నేను ఎదురు చూడడానికి ఏముంది?”

ఎవరి కాపీ పోయిందో కనిపెట్టేశారు. మాకెవరికీ చెప్పకుండా పెద్దాయన ఒక ఏర్పాటు చేశారట. గేములో మొదటి వంతెన తాడుకి ఒక్కొక్కరి కాపీలో ఒక్కో లెక్కన ముడులు గీయించారు. నా దాంట్లో నాలుగు. బయటికి పోయిన దాంట్లో ఏడు. ఏడు ముడులు భూతద్దంవి.

నిన్న ఆయన్ని తీసేశారు. పదిహేనేళ్ల ఉద్యోగం. “నేను ఇంటికి కూడా తీసుకెళ్లలేదండీ” అని ఒక్క మాటే నాలుగైదు సార్లు అన్నాడు. కళ్లజోడు బల్ల మీదే మర్చిపోతే నేను కిందికి పరిగెత్తి ఇచ్చి వచ్చాను.

నీ దగ్గరున్న డిస్కు భద్రంగానే ఉంది కదా? ఊరికే అడుగుతున్నాను.

నీ మేనకోడలు


దీవి
జూన్ 20

అమ్మడూ,

ఉత్తరం అందింది. ఆయన సంగతి విని బాధ కలిగింది. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. గాలి గంటకు నలభై కిలోమీటర్లు. పడవ ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. డిస్కు భద్రంగానే ఉంది. నా ఆరోగ్యం బాగుంది. అమ్మని అడిగినట్టు చెప్పు.

మామయ్య


ఆఫీసు
జులై 2

మామయ్యా,

నీ ఉత్తరం ఏడు లైన్లు. వాతావరణ సూచనలా ఉంది.

తాళం వేయడం ఖాయమైంది. మొన్న మీటింగ్‌లో పెద్దాయన నా వైపు చూసి, “నమ్మినవాణ్ణి మోసం చేయడానికి మొహం చెల్లదన్నావు. ఏదమ్మా ఆ మొహం?” అన్నారు. అందరూ భూతద్దం ఖాళీ కుర్చీ కేసి చూశారు. నేను బల్ల కేసి చూశాను. మీకు గేమ్ ఉండదు మామయ్యా. వంటాయనకి చెప్పే భారం నీదే.

ఆదివారం నాడు భూతద్దం ఇంటికి వెళ్లాను. ఆయనే రమ్మన్నాడు. రెండు గదుల ఇల్లు. గోడ నిండా కూతురు గీసిన బొమ్మలు. భార్య టీ ఇచ్చింది. ఆయన నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, “ఏమే పిల్లా, రోజుకి తొమ్మిది గంటలు నా పక్కనే ఉంటావు కదా. నేను డిస్కు పెట్టడం ఎప్పుడైనా చూశావా? చూడలేదని ఆ ఒక్క మాటా పెద్దాయనకి చెప్పవే. నువ్వు చెబితే వింటారు. రెండు చోట్ల ఉద్యోగానికి వెళ్లాను. నా మీద పడ్డ మచ్చ నాకంటే ముందే అక్కడికి పోయి కూర్చుంటోంది” అన్నాడు.

చూస్తానండీ అన్నాను. టీ మొత్తం తాగాను. కప్పు కడిగి పెడతానంటే వాళ్లావిడ వద్దంది.

తేలు కుట్టిన దొంగ అంటారు చూడు, రోజూ ఆఫీసులో అలా కూర్చుంటున్నాను. ఆ ఏడు లైన్లు ఎందుకో నిన్ను అడగను. ఇదెందుకో నువ్వూ నన్ను అడగకు.

నీ మేనకోడలు


దీవి
జులై 14

అమ్మడూ,

అడగకు అన్నావు. చెప్పకు అనలేదు. అందుకని చెబుతున్నాను.

డిస్కు భద్రంగా ఉందని రాశాను. నిజమే, డిస్కు నా పెట్టెలోనే ఉంది. అందులో ఉన్నదే భద్రంగా లేదు. ఈ వయసులో మాటని అలా పక్కకి తిప్పి మేనకోడలికి అబద్ధం రాశాను. ఆ ఏడు లైన్లు రాయడానికి రెండు రోజులు పట్టింది.

నా లాప్‌టాప్‌లో మంచు కొండలు కదలక ఇరుక్కుపోయేవి. ఒక మధ్యాహ్నం ఇన్‌చార్జి గారు అలల మట్టం చూడడానికి అవతలి ఒడ్డుకి వెళ్లినప్పుడు, గేమ్‌ని కేంద్రం కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కొలతలన్నీ ఉండే కంప్యూటర్ అది. ఆయనకి కన్నకూతురు లాంటిది. వంటాయన, మెకానిక్ వెనకాల వచ్చి నిలబడ్డారు. పొమ్మనలేకపోయాను. నిజం చెప్పాలంటే పొమ్మనాలని లేదు. ఆరేళ్లుగా వాదించుకుంటున్న దాని జవాబు నా చేతిలో ఉంది. నా మేనకోడలు చేసిందని చూపించుకోవాలనిపించింది. తొమ్మిది మధ్యాహ్నాలు ముగ్గురం ఆడాం.

ఇక్కడ పదిరోజులకోసారి ఆ కంప్యూటర్‌లో ఉన్నదంతా ఒక డిస్కులోకి దిగుతుంది. అది పడవలో మా పెద్ద ఆఫీసుకి వెళుతుంది. దానికొక చీటీ అంటిస్తాం: ‘ఇందులో కొలతలు తప్ప మరేమీ లేవు, నేను పరిశీలించాను’. కింద నా సంతకం. ఇరవయ్యారేళ్లుగా పరిశీలించకుండానే పెడుతున్న సంతకం. ఆ రోజూ అలాగే పెట్టాను.

ఇంతవరకూ చేసింది పొరపాటని సర్దిచెప్పుకోవచ్చు. తర్వాత జరిగింది విను. పడవ తాడు విప్పుతుంటే గుర్తొచ్చింది. నా నుంచి పదడుగుల దూరంలో ఉంది పడవ. ‘ఆగవయ్యా’ అని ఒక్క కేక వేస్తే చాలు. కానీ పక్కనే ఇన్‌చార్జి గారు నిలబడి ఉన్నారు. ఎందుకని అడుగుతారు. మీ కంప్యూటర్‌లో గేమ్ ఆడానండీ అని చెప్పాలి. ఇన్నేళ్ల మర్యాద ఒక్క కేకతో పోతుందనిపించింది. డిస్కు ఎవరు తెరిచి చూస్తారులే అనుకున్నాను. పడవ కేసి చెయ్యి ఊపాను. టాటా చెప్పాను పిడుగా. నీ నాలుగేళ్ల కష్టానికి, ఆ నర్సమ్మ ఆరేళ్ల ఎదురుచూపుకి నిలబడి టాటా చెప్పాను. పెద్ద ఆఫీసులో ఎవరో గుమాస్తా తెరిచి చూసి లోకం మీద వదిలాడట. మొన్న పడవలో ఆ కబురు కూడా వచ్చింది.

నిన్న ఇన్‌చార్జి గారికి అంతా చెప్పాను. ఆయన చీటీల పుస్తకం తెప్పించి తిరగేశారు. తర్వాత “చీటీ మీద సంతకం నాది కూడా ఉండాలి, నేనూ చూడకుండానే ముద్ర వేస్తున్నాను” అని పై ఆఫీసుకి ఇద్దరి పేర్లూ రాశారు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నాకైతే ఈ అడుసు కడిగితే పోయేలా లేదు.

దీనితో పాటు మీ పెద్దాయనకి విడిగా కాగితం రాసి పెట్టాను. నేను చేసిందంతా అందులో ఉంది. డిస్కు నాకెలా వచ్చిందన్న చోట మాత్రం ఖాళీ వదిలాను. పక్క సీటాయన కంప్యూటర్‌లోంచి తీశానని ఏప్రిల్లో నువ్వే రాశావు. నాకు గుర్తుంది. నీకూ మొదటి రోజు నుంచీ గుర్తుండే ఉంటుంది. ఆ ఖాళీ నేను పూరిస్తే చాడీ అవుతుంది. నువ్వే పూరించాలి. లేదా కాగితం చించెయ్యి. నిన్ను ఒక్క మాట అనే అర్హత నాకు లేదు.

మామయ్య


ఇల్లు
ఆగస్టు 10

మామయ్యా,

నీ కాగితం అందింది. అందినరోజే ఇచ్చేశానని రాయాలనుంది. ఇవ్వలేదు. పదకొండు రోజులు సొరుగులో పెట్టుకుని తిరిగాను.

నాకు మొదటి రోజే తెలుసు. ఏడు ముడులని పెద్దాయన నోటి నుంచి వినగానే తెలిసిపోయింది. నీ లాప్‌టాప్‌లో మేఘాలు అంత బాగా జారవని కూడా తెలుసు. గుమ్మడికాయల దొంగంటే నా భుజాలు నేనే తడుముకున్నాను, ఎవరూ చూడలేదు. కళ్లజోడు ఇవ్వడానికి మెట్లు దిగి పరిగెత్తాను చూడు, అప్పుడు చెప్పొచ్చు. టీ తాగుతున్నప్పుడు చెప్పొచ్చు. నువ్వు ఒక్క కేక వేయలేదని ఏడుస్తున్నావు. నాకు రెండు నెలలు టైము ఉంది.

పన్నెండో రోజు నా ఫోను మోగింది. భూతద్దం. సాక్ష్యం గురించి అడుగుతాడనుకున్నాను. ఆయన, “ఏమే పిల్లా, ఒకటి రాసిపెట్టడం మర్చిపోయానే. ఆరో కొండ మలుపులో గాడిద కాలు రాతిలోకి దిగిపోతోంది. వర్షంలో మాత్రమే. విడుదలలోపు సరిచేయించు, జనం నవ్వుతారు” అన్నాడు. అంతే, పెట్టేశాడు.

నేను సొరుగు తెరిచి నీ కాగితం తీసి, ఖాళీలో నా పేరు రాసి, పెద్దాయన గదిలోకి వెళ్లాను.

మర్నాడు అందరినీ పిలిచారు. భూతద్దాన్ని కూడా పిలిపించారు. నన్ను అందరి ముందూ చెప్పమన్నారు, చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, ఒకరు కిటికీ కేసి చూడడం గుర్తుంది. పెద్దాయన భూతద్దానికి క్షమాపణ చెప్పి ఉద్యోగం తిరిగిచ్చారు. “చూశారా, అందుకే తాళం” అన్నారు. అప్పుడు భూతద్దం లేచాడు. “తాళం వేస్తే ఎవరికండీ పడేది? కొన్నవాళ్లకి. ఇది కొన్నవాళ్ల దగ్గర పోలేదు, నా బల్ల మీంచి పోయింది. మన ఇంట్లో దొంగతనం జరిగితే ఊరందరి తలుపులకీ తాళాలు వేస్తామా?” అన్నాడు. చాలాసేపు వాదన నడిచింది. చివరికి పెద్దాయన చేతులెత్తేశారు. మీ గేమ్‌కి తాళం లేదు మామయ్యా. నా మాట మీద కాదు, భూతద్దం మాట మీద.

తర్వాత మెట్ల దగ్గర ఆయన కోసం నిలబడ్డాను. క్షమించమని అడగబోయాను. ఆయనే ముందు అడిగాడు: “మా ఇంటికి వచ్చి టీ తాగిన రోజు మీకు తెలుసా?”

మీకు, అన్నాడు.

తెలుసండీ అన్నాను.

“సరే. సామాను సర్దుకోవడానికి పెట్టె కావాలంటే నా బల్ల కింద ఒకటి ఉంది, తీసుకోండి” అన్నాడు. కళ్లజోడు తుడుచుకుంటూ పైకి వెళ్లిపోయాడు. తిట్టినా కొట్టినా భరించేదాన్ని. ఆ ‘తీసుకోండి’ని మాత్రం ఇంకా మింగలేకపోతున్నాను.

నన్ను తీసేశారు. న్యాయమే. గేమ్ చివర్లో పనిచేసిన వాళ్ల పేర్లు వస్తాయి కదా, అందులోంచి నా పేరు కూడా తీసేశారు. అమ్మకి సగమే చెప్పాను. మీవాళ్లకి ఇదేమీ చెప్పకు. ఆరేళ్లు చూశారు, హాయిగా ఆడుకోనీ.

పిడుగు అని సంతకం పెట్టబోయి ఆగాను.

నీ మేనకోడలు


దీవి
అక్టోబర్ 15

పిడుగా,

సంతకం నువ్వు ఆపుకున్నా నేను అలాగే పిలుస్తాను.

గేమ్ వచ్చింది. వంటాయన సెలవుకి వెళ్లి కొనుక్కుని, డిస్కు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వచ్చాడు. మెకానిక్ తన కాపీ తాను కొనుక్కుంటానని డిసెంబర్ దాకా ఆగేట్టున్నాడు, బలవంతాన కూర్చోబెట్టాం. ఈసారి అడిగి మరీ భోజనాల గదిలో వంటాయన కొన్న కొత్త లాప్‌టాప్ పెట్టాం. ఇన్‌చార్జి గారు పేపరు మడిచి పక్కన పెట్టేశారు. నాకు పై ఆఫీసు నుంచి మందలింపు వచ్చింది, రెండేళ్లు జీతం పెరగదు. ఇన్‌చార్జి గారికీ అదే వచ్చింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆయన ఎదురుగా కూర్చోలేక ఏదో పని ఉందని లేచిపోతున్నాను. అందరూ నన్ను మామూలుగానే పిలుస్తున్నారు. దానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

పన్నెండు రోజులు ఆడారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. నిన్న సాయంత్రం టీ వేళకి ముగింపు వచ్చింది. వాళ్లిద్దరూ మే నెలలోనే చూశారు కదా, అయినా వంటాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇన్‌చార్జి గారు మొదటిసారి చూస్తున్నారు. ఆయన మడిచిన పేపరు మళ్లీ తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత పేర్లు రావడం మొదలైంది. వంటాయన లేచి, “ఆగండి, మన పిల్ల పేరొస్తుంది. నేను చదువుతా” అని తెర దగ్గరికి జరిగాడు. ఒక్కొక్క పేరూ పైకి చదివాడు. భూతద్దం గారి పేరు కూడా చదివాడు, ఆయనెవరో తెలియకుండానే. ఆఖరి దాకా వెళ్లి, “రాలేదేంటి?” అన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి చదివాడు.

చెప్పకు అన్నావు. నాకు కూడా ‘జారిపోయి ఉంటుందిలే’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“ఉండాల్సిందే. నా వల్ల పోయింది” అన్నాను. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జరిగిందంతా చెప్పాను. నీ ఉద్యోగం పోయిన సంగతి కూడా చెప్పాను.

వంటాయన నా కేసి చూడలేదు. లాప్‌టాప్ కూడా మూయలేదు. పేర్లన్నీ అయిపోయి తెర నల్లబడేదాకా నలుగురం నిలబడే ఉన్నాం.

మామయ్య